పట్టుచీర – పరీక్ష, కొనుగోలు

మనిషి ఏ వస్త్రం ధరించాలో ముందుగా నిర్ణయించేది శీతోష్ణస్థితి. కాశ్మీరంలోని గుల్మార్గ్‌లోనూ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ శీతకాలంలో మంచువాలులపై స్కీయింగ్ అనే జారుడు క్రీడ సాగుతుంది. ఆ క్రీడకు వెళ్ళేవారు దుస్తులను మూడు పొరలుగా ఎన్నుకొంటారు. ఒంటికి తగిలే పొర చెమటను పీల్చి వెలుపలికి పంపాలి. నడిమి పొర శరీరపు వేడిని నిలపాలి. పైపొర గాలిని, తడిని అడ్డగించాలి. మొదటి పొరకు సన్నని ఉన్నితో పాటు పలుచని పట్టు కూడా వాడుకలో ఉంది. పట్టు తేలికైనది, తడిని పీలుస్తుంది, వేడిని త్వరగా జారనివ్వదు. అనంతపురం సీమలోని గొర్రెలకాపరి ఈ మూడు పనులనూ ఒక్క గొంగళితోనే నెరవేర్చుకొన్నాడు. చలికి దానినే కప్పుకొన్నాడు, వానకు దానినే కొప్పెరగా తలపై వేసుకొన్నాడు, రాత్రికి దానినే నేలపై పరచుకొన్నాడు. ఎండ ఎక్కువై, వాన తక్కువైన ఈ ప్రాంతంలో చలి బాధించే దినాలు కొన్నే. అందువల్ల ఇక్కడ ఖరీదైన వస్త్రాన్ని నిర్ణయించేది వాతావరణం కాదు, శుభకార్యం. ఒక సామాన్య కుటుంబం తన జీవితంలో వస్త్రానికై చేసే పెద్ద ఖర్చు పెళ్ళి పట్టుచీర. ఆ చీర పుట్టే చోట్లలో ధర్మవరానికి ఉన్న పేరు తెలుగునాట అందరికీ తెలిసినదే.

గుంతకల్లు నుండి బెంగళూరుకు పోయే రైలు మార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. ఈ మూడు ఊళ్ళూ 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. పట్టుచీర కథలో మూటికీ మూడు పాత్రలున్నాయి. హిందూపురం పట్టుగూళ్ళ విపణి. ధర్మవరం మగ్గాల ఊరు. పెనుకొండ ఒకప్పుడు పట్టు ధరించిన రాజుల నగరం. చీరను పరీక్షించడం నేర్వదలచినవారికి ఈ మూడింటి సంగతి తెలిసి ఉండటం మేలు. ఒక వస్తువు ఎట్లా తయారవుతుందో తెలియనివాడు దాని మంచిచెడ్డలను గుర్తించలేడు.

ముందు మాటల సంగతి కొంత చూడాలి. ‘చీర’ అనే మాటకు నేడు స్త్రీలు కట్టే వస్త్రమనే అర్థం స్థిరపడింది. ప్రాచీన కావ్యాలలో అది వస్త్రమాత్రానికి వాచకం. పురుషుడు కట్టినదీ చీరే. ‘నారచీరలు’ అన్నప్పుడు ఆ పాత అర్థం నేటికీ మిగిలి ఉంది. పుట్టం, వలువ, కోక మొదలైనవి తెలుగులో దానికి తోడైన మాటలు. సంస్కృతంలో పట్టుకు ‘కౌశేయం’ అని పేరు. కోశం నుండి, అనగా గూటి నుండి పుట్టినది కనుక ఆ పేరు వచ్చింది. ఒక్క పదంలోనే పురుగు, గూడు, దారం అన్నీ ఇమిడి ఉన్నాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కౌశేయంతో పాటు చీనాదేశపు పట్టు ప్రసక్తి ఉంది. కాళిదాసు శాకుంతలంలో ‘చీనాంశుకం’ అనే మాట కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యాలలో ఆనాటి వస్త్రభేదాల పేర్లను బారులు తీర్చి చెప్పాడు. వాటిలో చాలా పేర్లకు నేడు అర్థం చెప్పడం కష్టం. వస్త్రం చిరిగిపోయినా పేరు మిగలడం సాహిత్యం చేసిన ఉపకారం.

విజయనగర రాజుల కాలంలో పట్టు రాచరికపు గుర్తు. పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరాన్ని దర్శించినప్పుడు రెండవ దేవరాయలు చీనా రేవుపట్టణమైన జైతూన్ పేరుతో పిలిచే పట్టుతో కుట్టిన అంగీ ధరించి ఉన్నట్లు వ్రాశాడు. కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాయలు బంగారు పూలు కుట్టిన తెల్లని వస్త్రాలు, జరీ టోపీ ధరించాడని చెప్పాడు. రాజు ఒకసారి కట్టిన బట్టను మరల కట్టడని న్యూనిజ్ అనే మరొక పోర్చుగీసు రచయిత పేర్కొన్నాడు. నేటి పాఠకునికి ఇది దుబారాగా తోచవచ్చు. కాని ఆ అలవాటు వల్ల ఎన్ని మగ్గాలు నిరంతరం ఆడి ఉంటాయో కూడా ఆలోచించాలి. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడగా తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. పెనుకొండలోని గగన్ మహల్ ఆ వైభవానికి నేడు మిగిలిన సాక్ష్యాలలో ఒకటి.

ఆ కాలపు వేషధారణను కంటితో చూడదలచినవారు హిందూపురం నుండి లేపాక్షికి వెళ్ళాలి. దూరం సుమారు 15 కిలోమీటర్లు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించిన వీరభద్రాలయపు పైకప్పుపై వర్ణచిత్రాలున్నాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం మొదలైన కథలు చిత్రించిన ఆ బొమ్మల్లో స్త్రీలు గీతల చీరలు, గళ్ళ చీరలు, పూల చీరలు కట్టుకొని కనిపిస్తారు. ఏ ఇద్దరి చీరలూ ఒక్క తీరుగా ఉండవు. పురుషుల తలలపై పొడవైన కుల్లాయిలున్నాయి. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ఒక చాటువులో కవి కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకొంటూ, ఆ కొలువులో తనకు అలవాటులేని కుల్లాయి, పెద్ద అంగీ తొడుక్కోవలసి వచ్చిందని వాపోతాడు. సందర్భానికి తగిన దుస్తులు వేసుకోక తప్పని ఇబ్బంది కవిసార్వభౌముని కూడా వదలలేదన్నమాట. లేపాక్షిలోని లతామండపపు స్తంభాలపై చెక్కిన తీగలు, హంసలు, చిలుకలు మొదలైన నమూనాలను నేటి నేతకారులు చీరల అంచుల్లోకి తెచ్చారు. రాతిపై ఉన్నది దారంలోకి వచ్చింది. శిల్పులు ఆనాటి వస్త్రాలను చూసి చెక్కారనుకొంటే, దారం నుండి రాతికి, రాతి నుండి మరల దారానికి ఆ తీగ ప్రయాణించిందని చెప్పాలి.

ఇక పట్టు పుట్టుక. మల్బరీ ఆకు తిని పెరిగే పట్టుపురుగు గుడ్డు నుండి వెలువడిన తరువాత సుమారు 25 రోజుల్లో నాలుగుసార్లు పొర విడుస్తుంది. అయిదవ దశలో అది తినే ఆకు అంతకుముందు తిన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ దినాల్లో రైతు ఇంట రాత్రింబవళ్ళు విశ్రాంతి ఉండదు. పండిన పురుగులను ‘చంద్రికలు’ అనే వెదురు తట్టలపై వదిలితే, అవి రెండు మూడు రోజుల్లో తమ చుట్టూ గూడు అల్లుకొంటాయి. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ నేలలో, బోరుబావి నీటిని బిందువు బిందువుగా వాడుకొంటూ మల్బరీ పండించే చిన్నరైతుకు ఈ పంట ఏడాదిలో పలుమార్లు చేతికి వస్తుంది. వేరుసెనగను నమ్ముకొని ఆకాశం వంక చూసే రైతుతో పోలిస్తే ఇది కొంత ధైర్యం. అయితే ఆకుపై పురుగుమందు పడినా, రోగం సోకినా ఒక్క రాత్రిలో పంటంతా పోవచ్చు.

ఈ గూళ్ళు చేరే చోటు హిందూపురంలోని ప్రభుత్వ పట్టుగూళ్ళ విపణి. రైతులు తెచ్చిన గూళ్ళను కుప్పలుగా పోస్తారు. దారం తీసే రీలర్లు వాటిని చేతిలోకి తీసుకొని, గుల్లగా ఉన్నవా, గట్టిగా ఉన్నవా, మరక పడినవా, రెండు పురుగులు కలిసి అల్లిన జంటగూళ్ళెన్ని అని పరిశీలించి వేలం పాడతారు. పట్టును పరీక్షించి కొనడమనే విద్య ఇక్కడే మొదలవుతుందని చెప్పవచ్చు. రైతు పది నిమిషాల వేలంలో నెల రోజుల శ్రమకు ధర తెలుసుకొంటాడు. హిందూపురం సమీపంలోని కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. రోగాలను తట్టుకొనే పురుగు జాతులపై అక్కడ పరిశోధన సాగింది. తెల్లని గూళ్ళనిచ్చే బైవోల్టిన్ జాతి పట్టు నాణ్యమైనది; దాని ఒక్క గూటి నుండి వెయ్యి మీటర్లకు పైగా ఎడతెగని పోగు వస్తుంది. పసుపు గూళ్ళనిచ్చే సంకరజాతి మోటుదైనా తట్టుకొనే శక్తి కలది.

గూళ్ళను వేడి నీటిలో నానబెట్టి, అనేక గూళ్ళ పోగులను కలిపి ఒకే దారంగా తీస్తారు. ఒక కిలో ముడిపట్టుకు సుమారు ఆరు నుండి ఎనిమిది కిలోల గూళ్ళు కావాలి. ముడిపట్టులో నాలుగవ వంతు దాకా జిగురు ఉంటుంది. దానిని సబ్బునీటిలో ఉడికించి తొలగిస్తేనే పట్టుకు మెరుగు, మెత్తదనం వస్తాయి. అరకిలో పట్టు గల ఒక చీర వెనుక రెండు వేలకు పైగా గూళ్ళున్నాయని లెక్క తేలుతుంది. చీర ఎందుకంత ఖరీదో అడిగేవారికి ఈ లెక్క కొంత సమాధానం. కొందరు వ్యాపారులు జిగురును పూర్తిగా తీయకుండానో, తీసిన తరువాత బరువునిచ్చే రసాయనాలు ఎక్కించో చీరను బరువెక్కిస్తారు. కనుక ‘బరువైన చీరే మంచి చీర’ అనే నమ్మకాన్ని పూర్తిగా నమ్మరాదు.

ధర్మవరం చిత్రావతీ నది సమీపంలోని పట్టణం. క్రియాశక్తి ఒడయారు అనే ప్రభువు ఇక్కడి పెద్ద చెరువును తవ్వించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరు వెలయించాడని ఐతిహ్యం. వీధుల్లో నడుస్తుంటే ఇంటింటా మగ్గపు చప్పుడు వినిపించే ఊరని దీనికి పేరు. ఇక్కడి మగ్గం గుంత మగ్గం. నేతకారుడు గుంతలోకి కాళ్ళు దించి నేలమట్టంలో కూర్చుంటాడు. నేల చల్లదనం వల్ల గాలిలో తేమ నిలిచి, సన్నని పట్టుపోగు తెగకుండా ఉంటుంది. కాని పెద్ద వానలు కురిసినప్పుడు ఆ గుంతలోకే నీరు ఊరి, పని నిలిచిపోతుంది. మేలుచేసే తేమే మితిమీరితే కూలి పోగొడుతుంది. నిలువున సాగే దారాలు పడుగు. అడ్డంగా నాడెతో పోయేది పేక. ఒక పడుగుపై సాధారణంగా మూడు నాలుగు చీరలు నేస్తారు. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయినప్పుడు చీర కదిలినప్పుడల్లా రంగు మారుతున్నట్లు కనిపిస్తుంది. నెమలికంఠపు రంగు అనేది ఇట్లా పుట్టినదే. పట్టుపోగు అడ్డుకోత ఇంచుమించు త్రికోణాకారంగా ఉండటం వల్ల వెలుతురు దానిపై పడి వేర్వేరు కోణాల్లో ప్రతిఫలిస్తుంది. ధర్మవరం చీరకు ఈ జంటరంగులు, వెడల్పైన అంచు ప్రసిద్ధిని తెచ్చాయి.

అంచు ఒక రంగు, ఒడలు మరొక రంగు కావాలంటే నేత మరింత కష్టం. రెండు అంచులకు రెండు, ఒడలికి ఒకటి, మొత్తం మూడు నాడెలు ఆడాలి. ఒక్కొక్క వరుసలోనూ అంచు దారం, ఒడలి దారం ఒకదానినొకటి కొక్కెంవలె పట్టుకోవాలి. సాధారణంగా ఇందుకు మరొక మనిషి సాయం ఉండాలి. ఇంటిలోని స్త్రీలే ఆ సాయం చేస్తారు. కండెలు చుట్టడం, పడుగు పోగులు అతకడం కూడా వారి పనే. అయినా కూలి లెక్కలో వారి పేరు ఉండదు. అంచులోని పూలు, హంసలు జకార్డు అనే సాధనం ద్వారా వస్తాయి. ఫ్రాన్సు దేశంలో జోసెఫ్ మేరీ జకార్డు 1804లో రూపొందించిన ఈ సాధనంలో, రంధ్రాలు వేసిన అట్టలు ఏ పోగు లేవాలో, ఏ పోగు దిగాలో నిర్ణయిస్తాయి. పనితనాన్ని బట్టి ఒక చీరకు కొన్ని రోజుల నుండి కొన్ని వారాల దాకా పడుతుంది. నేతకారులలో ఎక్కువమంది సొంతంగా నేసి అమ్ముకొనేవారు కారు. షావుకారు ఇచ్చిన పడుగును, పేకను, జరీని చీరగా మార్చి కూలి తీసుకొనేవారు. ముడిపట్టు ధర పెరిగినప్పుడు షావుకారు నేత తగ్గిస్తాడు. నేత తగ్గితే కూలి పోతుంది. కూలి పోతే అప్పు పెరుగుతుంది. అప్పుల భారం మోయలేక ధర్మవరంలో నేతకారులు ప్రాణాలు తీసుకొన్న విషాదాలు పలుమార్లు పత్రికలకెక్కాయి.

ఈ దుఃస్థితికి ఒక ముఖ్య కారణం మరమగ్గం. చేతిమగ్గంపై వారం పట్టే నమూనాను యంత్రం ఒకటి రెండు రోజుల్లో అనుకరిస్తుంది. మరమగ్గపు చీర అమ్మడం తనంతట తాను తప్పు కాదు. తక్కువ ధరకు చీర కావలసినవారూ ఉన్నారు. దానిని చేనేత అని చెప్పి, చేనేత ధరకు అమ్మడం తప్పు. అక్కడ కొనుగోలుదారు డబ్బు పోతుంది, నేతకారుని పని పోతుంది. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేతిమగ్గానికే ప్రత్యేకించింది. జరీతోనో రంగుదారంతోనో అదనపు పడుగుపేకల అలంకరణ గల నూలు, పట్టు చీరలు ఆ జాబితాలో ఉన్నాయి. సుప్రీంకోర్టు 1993లో ఆ చట్టాన్ని సమర్థించింది. అమలు మాత్రం చట్టమంత గట్టిగా సాగలేదు. అందువల్ల కొనుగోలుదారు కన్ను చట్టానికి తోడు కావలసి వస్తున్నది.

దుకాణంలో ఆ కన్ను మొదట వెతకవలసినది పట్టు నిజమైనదా కాదా అన్నది. దుకాణదారు “అక్కా, ఇది ప్యూర్ పట్టే” అంటాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, పూర్తి నిజమూ కాకపోవచ్చు. పడుగు పట్టు, పేక కృత్రిమదారం అయిన చీరలు అంగడిలో ఎక్కువ. కొంగు చివర విడిచిన పోగులన్నీ పడుగు పోగులే. వాటిని మాత్రమే పరీక్షించి తృప్తిపడితే మోసపోతారు. అడ్డంగా ఉన్న పేక పోగును కూడా ఒకటి లాగి, రెండింటినీ విడివిడిగా నిప్పుకు చూపాలి. పట్టు జంతుజన్యం కనుక కాలినప్పుడు వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మంట తీయగానే ఆరిపోతుంది. మిగిలిన నల్లని బూడిద వేళ్ళ మధ్య నలిగి పొడి అవుతుంది. రేయాన్ కాగితంవలె కాలి, కాగితపు వాసననే ఇస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసగా మారుతుంది. వేలితో నలిపినా నలగని ఆ పూసే దానిని పట్టిస్తుంది. ఈ పరీక్ష అడగటానికి చాలామంది మొహమాటపడతారు. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు ఇచ్చేటప్పుడు రెండు పోగుల కోసం మొహమాటం అక్కరలేదు. మంచి సరుకు అమ్మేవాడు వద్దనడు కూడా.

జరీ పరీక్ష దీనికంటే కష్టం. అసలు జరీలో సన్నని వెండి తీగను చదునుచేసి పట్టుదారానికి చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. ఈ జరీకి గుజరాత్‌లోని సూరత్ నగరం పెద్ద కేంద్రం. వెండికి బదులు రాగి తీగ వాడి, వెండి పూత పూసి, పసిడి రంగు ఎక్కించినది ఒక రకం. లోహమే లేకుండా ప్లాస్టిక్ పొరతో చేసినది మరొక రకం. జరీ పోగు విప్పితే అసలు జరీలో ఎర్రరంగు వేసిన పట్టుదారం కనిపిస్తుంది. అయితే నకిలీ జరీ చేసేవారికి కూడా ఎర్రరంగు వేయడం తెలుసు; ఎరుపు చూసినంత మాత్రాన నమ్మరాదు. లోపలి దారం కూడా నిప్పు పరీక్షలో పట్టేనని తేలాలి. జరీని గరుకు రాతిపై గట్టిగా గీస్తే పైపూత పోయి, లోపల వెండి ఉంటే తెల్లగా, రాగి ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. వెండిశాతం ఎంతో కచ్చితంగా తెలియాలంటే యంత్రపరీక్ష చేయించవలసిందే. రాగి జరీ చీర కొనరాదని ఎవరూ అనరు. ధర అందుకు తగినట్లు ఉండాలి, కొనేవారికి ఆ సంగతి చెప్పి ఉండాలి, అంతే.

చేనేతను గుర్తించడానికి చీరను తిరగవేసి చూడాలి. చేనేతలో అక్కడక్కడ చిన్న హెచ్చుతగ్గులు, ముడులు ఉంటాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకుపోకుండా అడ్డంగా పెట్టే బద్ద గుండుసూదుల రంధ్రాలు రెండు అంచుల వెంట వరుసగా కనిపిస్తాయి. మూడు నాడెల అంచు అయితే, అంచు రంగు ఒడలిలోకి పాకకుండా కలిసిన చోట స్పష్టమైన గీతలా ఉంటుంది. ఆ కలయికను రెండు చేతులతో మెల్లగా లాగి, విడిపోతున్నదేమో చూడాలి. ఒక లోపమూ లేని చీర కావాలని పట్టుబట్టే కొనుగోలుదారు తెలియకుండానే మరమగ్గాన్ని కోరుకొంటున్నాడు.

ఈ పరీక్షలన్నీ చేయలేనివారికి కొన్ని గుర్తులు తోడ్పడతాయి. కేంద్ర పట్టుమండలి ప్రోద్బలంతో 2004లో ‘సిల్క్ మార్క్’ వచ్చింది. దాని చీటీపై ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. అది వస్త్రం స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. చేతితో నేసినదని చెప్పదు. ఆ సంగతి చెప్పేది 2006లో వచ్చిన ‘హ్యాండ్‌లూమ్ మార్క్’. ఈ భేదం చాలామందికి తెలియక, ఒకటి కనిపిస్తే రెండూ ఉన్నట్లే భావిస్తారు. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. చీర పేరుతో పాటు పుట్టినచోటు కూడా చట్టరక్షణ పొందినదని దాని అర్థం. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైనందుకు గుర్తుగా 2015 నుండి అదే తేదీని జాతీయ చేనేత దినంగా పాటిస్తున్నారు. సహకార విక్రయశాలల్లో అట్టి సందర్భాలలో తగ్గింపు లభించడం కద్దు.

రంగు ఎన్నుకోవడంలో దుకాణపు దీపాలను నమ్మరాదు. ఆ వెలుగులో మెరిసిన చీర పెళ్ళిపందిట్లో వెలవెలబోవచ్చు. చీరను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో, కదిలిస్తూ చూడాలి. తడి చేసిన తెల్లని గుడ్డను లోపలి వైపు మూలన అద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలుస్తుంది. పొడవు రవికె బట్టతో కలిపి ఆరు మీటర్లకు పైన ఉందా అని కొలిపించాలి. కట్టుకొనే మనిషి ఒడ్డూ పొడవూ కూడా లెక్కలోకి రావాలి. పొట్టిగా ఉన్నవారికి మరీ వెడల్పైన అంచు నప్పదు. పెళ్ళికూతురు గంటల తరబడి పీటలపై కూర్చోవాలి కనుక, జరీ నిండిన గరుకు చీర కంటే మెత్తగా ఒదిగే చీర ఆమెకు సుఖం. ఇంటి పెద్దలు ఈ సంగతి తరచుగా మరచిపోతారు. చీరను ఎన్నుకొనేది పదిమంది, మోసేది ఒక్కతె.

కొన్న తరువాత రసీదు తీసుకోవాలి. దానిపై కేవలం ‘చీర ఒకటి’ అని కాక, స్వచ్ఛమైన పట్టు, చేనేత, జరీ ఏ రకమో వ్రాయించుకోవాలి. నోటిమాటగా ఎన్నో చెప్పిన దుకాణదారు ఆ మాటలనే కాగితంపై వ్రాయడానికి వెనుకాడితే, అది అన్నింటికంటే సులభమైన పరీక్ష. తరువాత తగాదా వచ్చినప్పుడు వినియోగదారుల కమిషన్ ముందు నిలిచేది ఆ కాగితమే.

ఇంట్లో పట్టుచీరను పలుచని నూలుగుడ్డలో చుట్టి దాచాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలిచి జరీ నల్లబడుతుంది. అత్తరు, కలరా ఉండలు జరీకి తగలరాదు. రెండు మూడు నెలలకొకసారి తీసి, నీడన గాలికి ఆరవేసి, మడత మార్చి పెట్టాలి. ఒకే మడతపై ఏళ్ళ తరబడి ఉంచిన చీర ఆ గీత వెంటే చిరుగుతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఏదో ఒకనాటికి చీర జీర్ణమవుతుంది. అప్పుడు పాత పట్టుచీరలు కొనే వ్యాపారి వస్తాడు. అతడు రంగు చూడడు, అంచు చూడడు, ఏ ఊరి నేత అని అడగడు. జరీ పోగును రాతిపై గీసి, కొంగును తక్కెడలో తూచి, కాల్చితే ఎంత వెండి మిగులుతుందో మనసులో లెక్కవేస్తాడు. వెండి ఉన్న చీరకు ఎన్నేళ్ళ తరువాతనైనా ధర కడతాడు. రాగిజరీ చీరను మడిచి ఇంటివారి చేతికే తిరిగి ఇస్తాడు.